కొబ్బరి చిప్పల మీది టోపీలు

ఏలూరు పవర్‌పేటలో సరస్వతి గారి ముందుగదిలోకి వెళితే మొదట కంటబడేది టోపీల పలక. గోడకు బిగించిన టేకు పలక, దానికి నాలుగు కొయ్యమేకులు, ఒక్కో మేకు చివర బోర్లించిన కొబ్బరి చిప్ప, చిప్పల మీద టోపీలు.

ఆ పలక ఆవిడ భర్త అనంతరామయ్య గారు స్వయంగా చేసుకున్నది. టోపీని ఉత్త మేకుకు తగిలిస్తే నడినెత్తిన బొడిపె లేస్తుంది. బల్ల మీద పెడితే అంచు వంగిపోతుంది. అందుకని చిప్పలకు పీచు గీకి, గరుకు కాగితంతో నునుపు చేసి, పాత పంచె గుడ్డ చుట్టి బిగించారు. మొదటి చిప్ప మీద దొరల కాలం నాటి తరహా బెండు టోపీ, రెండో దాని మీద కొల్లేటి లంకలో ఒక ముసలాయన అల్లి ఇచ్చిన తాటాకు టోపీ, తర్వాత ఖాకీ గుడ్డ టోపీ, చివర చలికాలపు ఉన్ని టోపీ. వానాకాలం వస్తే బెండు టోపీ లోపల వేపాకు పెట్టేవారు. బెండు తేమ పీల్చుకుందంటే ఇక బాగుపడదు.

ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. మండవల్లి వైపు కొన్నాళ్ళు, తాడేపల్లిగూడెం వైపు కొన్నాళ్ళు, ఉద్యోగమంతా కాలవ గట్ల మీదే గడిచింది. గట్టు ఎక్కడ చెమ్మగిల్లుతోందో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో చూసుకుంటూ, కాలవ కాపలాకి పెట్టిన లస్కర్లకి పని చెబుతూ సైకిలు మీద తిరిగేవారు. నెత్తిన టోపీ లేకుండా ఆయన్ని చూసిన వాళ్ళు తక్కువ. పెళ్ళైన కొత్తలో ఆ టోపీ పక్కన నడవాలంటే సరస్వతికి సిగ్గేసేది. "మీ దొరగారు వచ్చారే!" అని అక్కచెల్లెళ్ళు ఏడిపించేవారు. రిటైరయ్యాక వీధిలో అందరికీ ఆయన టోపీ గారే అయ్యారు.

తర్వాత మతిమరుపు వచ్చింది. అందరికీ వచ్చేలాంటిది కాదు, రోజురోజుకీ మనిషిని తినేసే జబ్బని డాక్టరు చెప్పారు. మొదట నిన్నటి సంగతులు పోయాయి, ఆ తర్వాత మనుషుల పేర్లు. ఉద్యోగం మాత్రం పోలేదు. పొద్దున్నే పలక ముందు నిలబడి, బెండు టోపీ తీసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుని నెత్తిన పెట్టుకునేవారు.

"ఎక్కడికండీ?" అని సరస్వతి అడిగితే, "కాలవ లాకుల దగ్గర నీళ్ళు చూసి రావాలి" అనేవారు.

రెండుసార్లు కాలవ దాకా వెళ్ళిపోతే, వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న పాపారావు చూసి వెనక్కి తీసుకొచ్చాడు. ఆవిడకి కునుకు కరువైంది. కాలవ నిండుగా పారుతోంది. గట్టు మెట్లు పాచి పట్టి ఉంటాయి. ఆయన కాలు జారితే?

కొడుకు అనిరుధ్ తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు ఆఫీసులో పనిచేస్తూ రోజూ రైల్లో వెళ్ళి వస్తాడు. ఒక ఆదివారం తల్లితో అన్నాడు.

"ఆ టోపీలు కనిపిస్తేనే నాన్నగారికి డ్యూటీ గుర్తొస్తోందమ్మా. తీసి దాచేయ్."

"ఆయన ప్రాణం పెట్టి చేసుకున్న పలకరా."

"పలకని ఏమీ చేయద్దు. టోపీలే."

ఆవిడ దాచడం కూడా ఆయన పద్ధతిలోనే దాచింది. ప్రతి టోపీలోనూ పాత చీర గుడ్డ ఉండచుట్టి పెట్టి, వేపాకు వేసి, ఒకదానికొకటి తగలకుండా ట్రంకు పెట్టెలో సర్ది అటక ఎక్కించింది. మర్నాడు ఆయన పలక ముందు నిలబడి, ఉత్త చిప్పల్ని ఒక్కొక్కటే తడిమి చూశారు.

"నా టోపీ ఏదీ?"

"ఉతకడానికి వేశానండీ."

ఆయన వెనక్కి తిరిగి ఆవిడ కళ్ళలోకి చూశారు. "బెండు టోపీని ఉతుకుతారా ఎవరైనా? ఎవరు చెప్పారమ్మా నీకు?"

ఆ 'అమ్మా' అన్న తీరు పరాయి మనిషిని పిలిచినట్టు ఉంది. సరస్వతి వంటింట్లోకి వెళ్ళి ఆయన కంటబడకుండా ఏడ్చింది. రెండు రోజులు ఆయన ఇల్లంతా వెతికారు, మంచాల కింద, బియ్యం డబ్బాలో, బట్టల బీరువాలో. ఆ తర్వాత మానేశారు. కుర్చీలో కూర్చుని గోడ కేసి చూస్తూ ఉండేవారు. పోనీలే, ఉపాయం పారిందనుకుంది.

భాద్రపదంలో ముసురు విడిచి ఎండ కాసిన రోజు, ఆవిడ పరుపులూ దుప్పట్లూ మేడ మీద ఆరేసి దిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గేటు తీసి ఉంది. చెప్పులైనా వేసుకోకుండా పాపారావు బండి దగ్గరికి పరిగెత్తింది.

"పాపారావూ! అయ్యగారిటు వచ్చారా?"

"లేదండీ..." అంటూనే వాడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. "ఉండండమ్మగారూ. ఇందాక ఎవరో పెద్దాయన బండి ముందు నుంచే పోయారండీ. బట్టతల. ఎవరో ఊరికి కొత్త అనుకున్నానండీ. టోపీ లేదు కదండీ, నేను పోల్చుకోలేదు."

సరస్వతి కాలవ దారి కేసి చూసింది. వీధి వీధంతా ఆ టోపీని ఎరుగుదురు. దాన్ని అటక మీద దాచి, మనిషిని ఎవరూ ఎరగకుండా చేసింది తనే.

ఇద్దరూ ఆటో ఎక్కి లాకుల దగ్గరికి వెళ్ళారు. గట్టు మీద జనం పోతూనే ఉన్నారు, ఎవరూ ఆగడం లేదు. అనంతరామయ్య గారు మెట్లు దిగి, చిట్టచివరి మెట్టు మీద మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. నెత్తి ఎండకి ఎర్రగా కమిలిపోయింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నీటిమట్టం అంకెలున్న గేజి రాయి కేసి వంగి చూస్తున్నారు.

పాపారావు గబగబా దిగి వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. సరస్వతి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇంత కిందికి ఎందుకు దిగారండీ?"

"ఎండ కళ్ళలో కొడుతోంది. పైనుంచి అంకె కనపడటం లేదు" అన్నారాయన. "టోపీ ఉంటే గట్టు మీంచే చూసేవాణ్ణి. నువ్వు అడుగు చూసుకుని వెయ్యమ్మా, పాచి ఉంది."

ఆ సాయంత్రం అనిరుధ్ రైలు దిగి వచ్చి సంగతి విన్నాడు. "రేపే గేటుకి తాళం వేయిస్తాను" అన్నాడు.

"మీ నాన్నగారు గట్టుకి బయల్దేరారంటే గోడ దూకైనా వెళతార్రా. ముందు ఆ పెట్టె దించు."

"మళ్ళీ టోపీలా? అమ్మా, నీకేమైనా..."

"దించు."

వాడు దించాడు. తాటాకు టోపీ అంచు ఒకచోట విరిగింది, మిగతావి బాగానే ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, టోపీల లోపలి పట్టీల మీద నల్ల దారంతో ఫోను నంబరు కుట్టింది. తాటాకు టోపీకి పట్టీ లేదు, పాత చీర అంచు కత్తిరించి కొత్తది వేసింది. మర్నాడు మేకులకు మువ్వలు కట్టింది. గట్టిగా కడితే మోగలేదు. వదులుగా తీగ వేసి చిప్ప కింద వేలాడదీస్తే, టోపీ ఎత్తగానే వంటింట్లోకి వినిపించేలా మోగాయి. ఎత్తి చూసి, పెట్టి చూసి, తృప్తి కలిగాకే లేచింది.

ఆ మరుసటి పొద్దున మువ్వ మోగింది. సరస్వతి స్టవ్ కట్టేసి వచ్చేసరికి ఆయన బెండు టోపీని బ్రష్షుతో దులుపుతున్నారు. ఇన్నాళ్ళూ అది ఎక్కడుందని అడగలేదు. నెత్తిన పెట్టుకుని గేటు దాటారు. ఆవిడ ఒక్క నిమిషం నిలబడి, తాటాకు టోపీ తీసి ముడి మీద పెట్టుకుని వెనకే నడిచింది.

పాపారావు చూసి నోరు తెరిచాడు. "అమ్మగారూ! తమరు కూడా డ్యూటీలో చేరిపోయారాండీ?"

"చేరకపోతే మీ ఇన్‌స్పెక్టరు గారు ఊరుకుంటారా? నవ్వింది చాల్లే, చీర మాడుతోంది చూసుకో."

గట్టు మీద ఆయన ఆగి ఆవిడ కేసి చూశారు. "కొత్తగా వేసిన లస్కరువా?"

"అవునండీ."

"టోపీ అలా కాదు." ఆయనే చెయ్యి చాపి, టోపీని ఆవిడ కళ్ళ మీదికి కొంచెం దించారు. "ఇప్పుడు చూడు, అంకె కనిపిస్తోందా?"

నిజంగానే కనిపించింది. చదివి చెప్పింది. ఆయన తలూపి ఇంటిదారి పట్టారు.

దసరాలు వెళ్ళేదాకా రోజూ అలాగే జరిగింది. నీటిలోకి దిగాల్సిన పని ఆయనకి మళ్ళీ రాలేదు. ఇంటికి రాగానే బెండు టోపీని మొదటి చిప్ప మీద, సరిగ్గా కుట్టు వెనక్కి వచ్చేలా పెట్టేవారు. భార్య పేరు గుర్తులేని మనిషి ఆ చిప్పని మరచిపోకపోవడమే సరస్వతికి కొండంత ధైర్యంగా ఉండేది.

కార్తీకంలో ఒక పొద్దున, గట్టు మీంచి వచ్చాక, ఆయన టోపీ చేతిలో పట్టుకుని పలక ముందు చాలాసేపు నిలబడిపోయారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి రెండు చేతులతో టోపీ అందించారు.

"ఇదెక్కడ పెట్టాలమ్మా?"

ఆవిడ టోపీ అందుకుని, మొదటి చిప్ప మీద, కుట్టు వెనక్కి వచ్చేలా పెట్టింది. మువ్వ మోగింది. ఆయన ఆ చప్పుడు ఎక్కడిదా అని గుమ్మం కేసి చూశారు.