గునుగు మొలవని జాగా

అల్వాల్‌లో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఏటా గునుగు పూసేది. బతుకమ్మకు మేము గునుగు కొని ఎరగం. అమ్మే కోసుకొచ్చేది, అమ్మే పేర్చేది. గల్లీలో ఆడవాళ్లు తమ తాంబాలాలు ఎత్తుకొని మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఎవరి బతుకమ్మ కాస్త ఒరిగినా అమ్మ ఊరుకునేది కాదు, విప్పించి మళ్లీ పేర్పించేది.

వానలు మొహం చాటేసిన ఏడాది గునుగు చీలమండ ఎత్తులోనే ఎండిపోయింది. వయ్యారిభామ మాత్రం నడుమెత్తు పెరిగి తెల్లగా విరగబూసింది. పరదేశం నుంచి గోధుమల్లో కలిసి వచ్చిందంటారు ఈ కలుపు. నీళ్లు లేకున్నా, చెత్త తగలబెట్టినా, సిమెంటు పోసినా మళ్లీ లేస్తుంది. "ఎంత గట్టి ప్రాణమో!" అని దాన్ని మెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్క మొక్కను బతకనివ్వని ఓర్పు ఎవరికి కావాలి?

గునుగుకు చోటు చేద్దామని అమ్మ దాన్ని పీకడం మొదలుపెట్టింది. గ్లవ్స్ వేసుకొమ్మన్నాను.

"పూల జాగల చేతులకు సంచులేందే? జెర ఊకో," అంది.

కొన్నాళ్లకే చేతులు, మెడ, కనురెప్పలు కందిపోయాయి. చర్మం పగిలి రసి కారింది. మారేడ్‌పల్లిలో డాక్టరు చూసి, ఆ మొక్క దరిదాపులకు పోవద్దన్నాడు. బంతి, చామంతి కూడా దాని చుట్టాలేనట, వాటినీ ముట్టొద్దన్నాడు. అమ్మ మందుల గురించి ఏమీ అడగలేదు.

"గునుగు ముట్టుకోవచ్చా సారూ?"

"గునుగుతో ఏం కాదమ్మా."

ఆ ఒక్క మాట పట్టుకొని పండుగ దాకా ఎదురుచూసింది.

పండుగ పొద్దున మోండా మార్కెట్‌కు పోయి గునుగు కట్టలు తెచ్చాను. బంతి, చామంతి వరుసలు నేను పెట్టాలి, గునుగు వరుసలు అమ్మ పెట్టాలి, అదీ మా ఒప్పందం. తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకొని, తాంబాలం ముందు కూర్చుంది. కట్ట విప్పి, చేయి పెట్టబోయి ఆగిపోయింది. కట్ట లావుగా కనబడాలని ఎవరో గునుగు మధ్యలో వయ్యారిభామ రెమ్మలు కలిపారు.

"గిది ఈడికి సుత వచ్చింది బిడ్డా," అంది.

అన్నీ ఏరేస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. చేతులు కొంగులో చుట్టుకొని, దూరంగా గడప దగ్గరికి పోయి కూర్చుంది.

"నువ్వే పేర్చు. నేను చెప్త."

ఆమె చెబుతుంటే నేను పేర్చాను. ఎంత సర్దినా బతుకమ్మ ఎడమ పక్కకు ఒరిగింది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ కాసేపు దాన్నే చూసి, "మంచిగనే ఉన్నది," అంది. విప్పమనలేదు.