కిటికీ బండ మీది తుప్పు మరకలు

ఒక అబద్ధాన్ని పన్నెండేళ్లుగా మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ అది అబద్ధమని తెలియదు. వాళ్లు దాన్ని ఇంకా నమ్ముతున్నారు, ఇతరులకు చెబుతున్నారు. ఇక్కడ నా పేరు రాయను. రాస్తే మిగతాది రాయలేను. చదివే మీరెవరో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఈ పూట నాకు ధైర్యం.

తాండూరులో నాపరాళ్లు కొలవడం నా పని. బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. తర్వాతి లెక్కలన్నీ పాత పుస్తకాలు తిరగేసి, బండల మీద సుద్దతో వేసుకుని నేర్చుకున్నవే. మొదటి కూడికలు మాత్రం మా అక్క నేర్పింది, చింతగింజలతో. రెండోసారి చూడనిది లెక్కే కాదనేది. వాడలో ఎవరు గోడ కట్టినా, పొలం పంచుకున్నా నన్ను పిలిచేవారు. నేను చెప్పిన అంకెకు మారుమాట ఉండేది కాదు. ఆ నమ్మకాన్నే నేను వాడుకున్నాను.

అక్కకు భర్త పోయాడు, పిల్లలు లేరు. నిజాం పాలన పోయిన నాలుగైదేళ్లకు ఆమెకు క్షయ పట్టింది. వికారాబాదు గుట్ట మీది దవాఖానలో చాలా నెలలు ఉంది. నయమైందంటే మా ఇంటికి తీసుకొచ్చాను. ఇక ఎవరికీ అంటదని డాక్టరు నాతోనే చెప్పాడు. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే భయపడి చేశాను అనే సాకు నాకు లేదు.

వచ్చేటప్పుడు ఆమె కొంగున తడిగుడ్డలో చుట్టిన రణపాల ఆకు ఉంది. సంచిలో దవాఖానవాళ్లు ఇచ్చిన ఖాళీ పాలపొడి డబ్బాలు ఉన్నాయి. అక్కడ ఒక నర్సమ్మ మంచం పట్టిన ప్రతి ఒక్కరికీ ఒక మొక్కను అప్పగించేదట. తన కోసం ఇంకో ప్రాణం కాచుకుని ఉందంటే మనిషి లేవక తప్పదనేదట. మా ఇంట్లో ఆ ఆకు అంచుల నుంచి పిల్లమొక్కలు లేచాయి. తర్వాత మరువం, తమలపాకు తీగ చేరాయి. ముందుగది కిటికీ బండ మీద ఐదు డబ్బాలు వరసగా కూర్చున్నాయి.

మొదట్లో అక్క పొద్దెక్కినా గోడవైపు తిరిగి పడుకునేది. మొక్కలు వచ్చాక తెల్లవారగానే లేచి డబ్బాలను వెలుతురుకు తిప్పేది. ఒక్కో ఆకును తడిగుడ్డతో తుడిచేది. ఎండాకాలంలో మా బండల ఇల్లు పెనంలా కాగుతుంది. ఆ కిటికీ దగ్గర మాత్రం కాసేపు కూర్చోబుద్ధయ్యేది. రణపాల పూసిన రోజు రెండో జొన్నరొట్టె అడిగి తిన్నది. దగ్గు మొక్కల వల్ల తగ్గిందని అనను, అది మందుల పని. కానీ దగ్గు గురించి మాట్లాడటం మానేసింది. చిగురు గురించి మాట్లాడేది. ఇదంతా నా కళ్లతో చూశాను.

ఆ డబ్బాలే నన్ను పరేషాన్ చేశాయి. అలాంటివి గుట్ట దవాఖాన నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలోనే ఉంటాయని ఊరందరికీ తెలుసు. ఒకనాడు మా గని సేటు ఇంటికొచ్చాడు. కిటికీ వైపు చూశాడు. చాయ్ ముట్టకుండా, పని ఉందని లేచిపోయాడు. ఆ చాయ్ మీద మీగడ కట్టేదాకా నేను కదలలేదు. మొక్కలను మట్టికుండల్లోకి మార్చమనవచ్చు కదా అని మీరు అడుగుతారు. నాకూ తోచింది. కానీ ఎందుకని ఆమె అడిగితే, నీ రోగం వీధికి తెలియడం నాకు సిగ్గుగా ఉందని చెప్పాలి. అది చెప్పలేక లెక్కను అడ్డం పెట్టుకున్నాను.

ఒక బడి పుస్తకంలో, మొక్కలు రాత్రిపూట మనలాగే గాలి పీల్చి చెడుగాలి వదులుతాయని ఉంది. ఎంత ఆకుకు ఎంత గాలి అన్నదీ ఉంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాను. ఆకులను బండ మీద పెట్టి సుద్దతో చుట్టూ గీసి, గళ్లు లెక్కపెట్టాను. జవాబు వచ్చింది. ఐదు డబ్బాలూ కలిపి రాత్రంతా పీల్చే గాలి, అదే గదిలో పడుకునే మా పిల్లి పీల్చేదానిలో ఇసుమంత కూడా లేదు. మళ్లీ చేశాను. అదే వచ్చింది. సుద్దగీతలు తుడిచేసి అక్క దగ్గరికి వెళ్లాను. ఆ గాలి రోగానికి చెడ్డదని, రాత్రిపూట మనుషుల ఊపిరిని ఆ మొక్కలు తాగేస్తాయని చెప్పాను.

“లెక్క సూసినవా, తమ్మీ?”

“సూసిన అక్కా.”

“రెండుసార్లు సూసినవా?”

“రెండుసార్లు సూసిన.”

“గట్లనే వచ్చిందా?”

“గట్లనే వచ్చింది.”

ఆమె కాసేపు ఆకులవైపు చూసి నవ్వింది. “మంచిగ జెప్పినవ్ తీయ్. లేకుంటే పోరగాల్ల గాలంత నా డబ్బాలే తాగుతుండె.”

నేను పట్టుకుంటానన్నా వినలేదు. ఒక్కో డబ్బాను తానే మోసుకెళ్లి పెరటి గోడ అవతల రాళ్లకుప్ప పక్కన పెట్టింది. ఆ వేడికి మరువం మాడింది, తమలపాకు తీగ మాడింది. మొండిది కాబట్టి రణపాల మిగిలింది. అక్క మళ్లీ పొద్దెక్కేదాకా పడుకోసాగింది. రెండో రొట్టె సంగతి అటుంచి, మొదటిదీ వదిలేసేది. వానలు పడ్డాక దగ్గు తిరగబెట్టింది. తనే అడిగింది, గుట్టకు పంపమని. రైలెక్కేముందు గోడ అవతలికి వెళ్లి ఒక ఆకు తెంచుకుంది.

చలికాలంలో చూడటానికి వెళ్లాను. అక్క నిద్రలో ఉంది. మంచం పక్కన డబ్బాలో రణపాల చిగురించి ఉంది. అక్కడి నర్సమ్మ నన్ను చూసి నవ్వింది. లెక్కల తమ్ముడు మీరేనా అని అడిగింది. చీకటి పడకముందే ఆ డబ్బాను బయట పెట్టించనిదే మీ అక్క పడుకోదని, పక్క మంచాలవాళ్ల మొక్కలను కూడా పెట్టిస్తుందని, ఎవరెంత నచ్చజెప్పినా ‘మా తమ్ముడు లెక్క చేసిండు’ అంటుందని చెప్పింది.

అప్పుడు ఒక్క మాట చాలు. అక్క లేచాక ఆ మాట చెప్పడానికి సాయంత్రం దాకా సమయం కూడా ఉంది. నేనేం చేశాను? పండ్లు వలిచి పెట్టాను. రైలు వేళయిందని లేచాను. ఆ నెలలోనే ఆమె పోయింది. మొక్కలు ఉంటే బతికేదా? తెలియదు. దాన్ని లెక్క కట్టలేను. అవి ఉంటే, బతికిన ఆ నాలుగు రోజులైనా పొద్దున్నే లేచేదని మాత్రం తెలుసు.

కిటికీ బండ మీద డబ్బాల తుప్పు మరకలు మిగిలాయి. తుప్పు నాపరాయిలోకి దిగితే పోదు. దాని మీద గుడ్డ పరిచాను, పన్నెండేళ్లు.

మొన్న మా బిడ్డ కాన్పుకు వచ్చింది. మనసు బాగుంటుందని మంచం పక్కన మరువం కుండ పెట్టుకుంది. నా భార్య దాన్ని బయట పెట్టేసింది. మీ నాయిన లెక్క చేసి చెప్పిండు అన్నది. బిడ్డ నావైపు చూసింది. నేను తల ఊపాను. ఇంకోసారి.

ఆ తల ఊపు తర్వాతే ఈ కాగితం ముందు కూర్చున్నాను. క్షమించమని రాయడం లేదు. క్షమించగలిగిన మనిషి లేదు. పైగా ఉంటే నవ్వి క్షమించేసేది, అది ఇంకా కష్టం.

పైదంతా రాత్రి రాసింది. ఈ పొద్దున గుడ్డ తీసేశాను. కుండను లోపలికి తెచ్చి ఒక మరక మీద పెట్టాను. లెక్క ఏమైందని నా భార్య అడిగింది. అబద్ధం చెప్పానని అన్నాను, ఎవరికి చెప్పానో కూడా అన్నాను. ఆమె ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టింది. నేను కుండను వెలుతురుకు తిప్పాను.