తల ఏ దిక్కున పెట్టించాను

వాయుసేన నుంచి వచ్చి నారాయణఖేడ్‌లో స్థిరపడ్డాక బస్టాండు హోటల్లో చాయ్ తాగడం కూడా కష్టమైపోయింది. కనపడితే చాలు, "ఎన్ని విమానాలు పడగొట్టినవ్ అన్నా?" అని అడిగేవాళ్లు. నేను విమానాలకు ఇంధనం నింపి, బోల్టులు బిగించినవాణ్ణి. ఆ మాట చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

డెబ్బై ఒకటి యుద్ధంలో మా స్థావరం దగ్గర ఒక పాకిస్తాన్ విమానం కూలింది. పైలట్ చనిపోయాడు. దాన్ని కూల్చిన మా పైలటే వచ్చి, శవం ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "రేపు నేనూ అటు పడొచ్చు. ఇతన్ని వాళ్ల పద్ధతిలోనే పూడ్చాలి. ఆ పద్ధతి ఎవరికి తెలుసు?" అని హిందీలో అడిగాడు.

నేను చెయ్యెత్తాను. ఖేడ్‌లో మా పక్కిల్లు గిన్నెలకు కళాయి వేసే చాచాది. ముసల్మానుల ఇళ్లలో ఎవరు పోయినా స్నానం చేయించి, ఖబ్రస్తాన్‌లో దించేది ఆయనే. ఆయన వెంట చాలాసార్లు వెళ్లాను కాబట్టి అంతా తెలుసనుకున్నాను. ముఖం పడమరకు తిప్పించాను. మట్టి కప్పాక మా పైలట్ సెల్యూట్ చేశాడు, మేమంతా చేశాం. నా ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం.

కొన్నేళ్లకు మా నాన్న పోయాడు. తల దక్షిణానికి పెట్టమని ఎవరో అంటుంటే నా గుండె జారింది. ఆ పైలట్‌ను పూడ్చేటప్పుడు నేను చెప్పిందీ ఆ మాటే. చాచాను అడగాలంటే భయమేసి, ఇంకో రెండేళ్లు తప్పించుకు తిరిగాను.

చివరికి ఒక మధ్యాహ్నం అంతా చెప్పాను. కళాయి పెట్టిన గిన్నెను గుడ్డతో రుద్దుతూ విన్నాడు.

"తల ఉత్తరానికి పెట్టాలె బిడ్డా. కుడి పక్క మీద పండవెట్టాలె. నువ్వు ఎడమ పక్కకు పండవెట్టినవ్."

"తప్పేనా చాచా?"

"తప్పే."

పోనీలే అంటాడని ఆశపడ్డాను. అనలేదు. గిన్నె కింద పెట్టి, "సరే, జుమ్మా నమాజుల పేరు తీస్కొని దువా చేస్త. గా పిల్లగాని పేరేంది?" అన్నాడు.

అతని జేబు మీద పేరు పట్టీ ఉంది. దాని మీది మట్టిని నా చేత్తోనే దులిపాను. దిక్కులు చూసుకునే హడావిడిలో చదవలేదు. సిగ్గుపడుతూ ఆ మాటే చెప్పాను.

చాచా నా ముఖంలోకి చూశాడు. "పేరన్న చూడకుంట ఎట్ల పండవెట్టినవ్ రా?"