ఎగిరే మంత్రానికి పరీక్ష

చర్చిలోని పుస్తకాల బీరువా తాళాలు టీచరమ్మ కొంగునే ఉంటాయి. మంత్రగాళ్ల కథ ఏది వచ్చినా పిల్లలకంటే ముందు ఆమె ఇంటికే వెళ్తుంది. ప్రార్థన చేసుకుని, నిలబడే చదువుతుంది. కూర్చుంటే సైతానుకు చనువిచ్చినట్టవుతుందని ఆమె భయం. ఈ ఆదివారం కొత్త పుస్తకం పిల్లల ఆత్మలకు మంచిది కాదని పాస్టరుగారు పక్కన పెట్టబోయారు. టీచరమ్మ మనవరాలు దానికోసం నెల రోజులుగా కాచుకుంది, ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

“ప్రమాదమేమీ లేదు అయ్యగారూ. అందులోని ఎగిరే మంత్రం నేనే మూడుసార్లు పైకి చదివి చూశాను,” అంది టీచరమ్మ.

“మీరా? మంత్రమా?”

“ఎగరడం దేవుడెరుగు, మోకాళ్ల నొప్పి కూడా కదల్లేదు.”

ఆయన నవ్వాపుకోలేక పుస్తకం పిల్ల చేతికిచ్చేశారు. టీచరమ్మ వెళ్లబోతూ ఆగి, గొంతు తగ్గించింది.

“మూడోసారి మాత్రం కాస్త ఆశపడ్డానండీ. దానికి అప్పుడే క్షమాపణ అడిగేసుకున్నాను.”