చీమలు దాటుతున్న తాడు

తుర్కయాంజాల్‌లో మా అపార్టుమెంటు ముందున్న మామిడిచెట్టుకు ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూడు పెట్టాయని మొన్న కాలనీవాళ్ళు మందు కొట్టించారు. ఆ జాతితో నాకున్న పాత తగాదాకు నేను సంతోషించాల్సిందే. కాని వాసనకు కిటికీ మూసుకుని కూర్చుంటే మా బాపు, అంటే నాన్న, గుర్తొచ్చాడు.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం, ఇబ్రహీంపట్నం దగ్గర మా నిమ్మతోటలో ఆకు తినే పురుగు పడితే, బాపు ఎక్కడెక్కడి నుంచో ఈ చీమల గూళ్ళు కోసుకొచ్చి చెట్లకు కట్టాడు. అవి పురుగును తినేవి, నిజమే, కాని మమ్మల్ని కూడా వదిలేవి కావు. అవి చెట్టు నుంచి చెట్టుకు నడవడానికి తాళ్ళు కట్టి, మమ్మల్ని మాత్రం వాటికింద వంగి నడవమన్నాడు. మాకు కూర లేని రోజు కూడా వాటికి మేక పేగులు అందేవి. అప్పటికి నాకు చీమలను తిట్టేంత వయసొచ్చింది, బాపును తిట్టేంత రాలేదు.

నిజాం సర్కారుకు ఎదురుతిరిగిన సంఘంలో తిరిగే మా చిన్నాయన ఆ తోటలోనే తలదాచుకునేవాడు. సర్కారు తరఫు తుపాకులవాళ్ళు వస్తే దిగడానికి పాడుబడ్డ బావిలోకి ఒక తాడు వేలాడుతుండేది. ఒకరోజు వాళ్ళు రానే వచ్చారు. చిన్నాయన పరుగెత్తి చూస్తే తాడు లేదు. పురుగు చివరి వరుసకు పాకిందని పొద్దున్నే బాపు దాన్ని చీమలకు కేటాయించాడు. చిన్నాయన ఉట్టిగానే దూకి, బురదలో కాలు బెణికించుకున్నాడు.

తుపాకి ఎదురుగా ఉన్నా బాపు వాళ్ళను అడిగింది ఒక్కటే: "జర తాడు తెంపకుండ్రి, అటుదిక్కు నుంచి రాండ్రి."

తాడు కోసం ఇంత ఆరాటపడే మనిషి దాని చివర ఏదో దాచాడని వాళ్ళు అనుకోవడం సహజమే. అందరూ కలిసి లాగారు. గూళ్ళు వచ్చి మెడల మీద పడ్డాయి. ఆపైన బావిలోకి తొంగిచూసే ఓపిక ఎవరికీ మిగలక, అంగీలు విప్పుకుంటూ చెరువు వైపు పరుగుతీశారు.

మేము బావి దగ్గరికి ఉరికాం, బాపు తప్ప. ఆయన ఊడిన తాడును తిరిగి చెట్టుకు ముడివేస్తున్నాడు. బావిలోంచి చిన్నాయన "అన్నా, గా తాడు ఇటు ఇడువు, వాళ్ళు మళ్ల వస్తరు" అని మొత్తుకుంటే, "జర ఆగురా, చీమలు దాటుతున్నయి" అన్నాడు.

చివరికి అమ్మ దండెం మీది చీరలు ముడివేస్తే, వాటితో చిన్నాయనను పైకి లాగాం.

చిన్నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, కలిసినప్పుడల్లా ఆ మాట ఎత్తి బాపును సాధించేవాడు. చీమలే తనను కాపాడాయని ఏనాడూ ఒప్పుకోలేదు, బాపూ ఒప్పుకోమనలేదు. ఇద్దరూ పోయారు, తోట ప్లాట్లయింది. మామిడిచెట్టు ఇప్పుడు శుభ్రంగా ఉంది, కింద నిలబడితే ఏదీ కరవదు. అక్కడికి వచ్చేసరికి నేనే ఎందుకో ఇంకా తల వంచి నడుస్తున్నాను.