పాపకు జొరం

మా ఆయనకు పరువంటే ప్రాణం. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి. మా ఒక్కగానొక్క పాపకు ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజు నుంచి, ఆ మాట మా గడప దాటకూడదని శాసనం చేశాడు.

వాకిట్లో మనిషి అలికిడైతే చాలు, "చుట్టాలొచ్చినారు!" అని నాకొక కేక వేసేవాడు. నేను కాఫీకి నీళ్ళు పెట్టేలోపు పాపను నడిమి గదిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరికేసి వచ్చేవాడు. పాప ఏదీ అని వాళ్ళడిగితే "పాపకు జొరం" అనేవాడు.

"ఎన్నాళ్ళు దాస్తారు? కుండకు మూకుడు పెట్టొచ్చు, ఊరి నోటికి పెట్టగలరా?" అని నేను పోట్లాడేదాన్ని.

"అయ్యో పాపం అంటారే. ఆ మాట నేను పడలేను" అనేవాడు.

పాపకు ఏడేళ్ళు. సొంతంగా మాటలు కూర్చుకోవడం రాదు. మేమన్న మాటనే పట్టుకుని తిరిగి మాకే అప్పజెబుతుంది. దాహమేస్తే "నీళ్ళు తాగతావా?" అంటుంది. తనకు కావాలని అర్థం.

ఒక ఆదివారం పొద్దున్నే పాప వచ్చి "చుట్టాలొచ్చినారు" అంది. మా ఆయన ఉలిక్కిపడి, చొక్కా తగిలించుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. వీధిలో పిల్లి కూడా లేదు. కాసేపటికి మళ్ళీ అదే మాట. మళ్ళీ పరుగు. నాకు నవ్వాగలేదు. "మీకు మంచి కాపలా దొరికింది" అని ఆటపట్టించాను.

మధ్యాహ్నం పాప తనంతట తనే నడిమి గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకుంది. అన్నానికి లేపుదామని చెయ్యి వేశాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదవులు ఎండిపోయి, గొంతు పెగలక, అప్పటికీ గొణుగుతూనే ఉంది. "చుట్టాలొచ్చినారు."

అప్పుడర్థమైంది నాకు. మా ఇంట్లో ఆ పిల్లను దుప్పటి కప్పి పడుకోబెట్టే ముందు వినపడే మాట అదొక్కటే. పడుకోబెట్టండి, ఒంట్లో బాగాలేదు అని చెప్పడానికి దాని దగ్గరున్న మాట కూడా అదే. ఈ సంగతి చెప్పగానే మా ఆయన పాపను దుప్పటితో సహా ఎత్తుకుని ఆటో కోసం పరుగెత్తాడు.

ఆటోలో పాపకు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో సూది వేశాక గానీ కళ్ళు నిలబడలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి మా మీద విరుచుకుపడింది. "ఇంత జ్వరం వచ్చేదాకా ఏం చేస్తున్నారు? ఇంత పెద్ద పిల్ల, ఒంట్లో బాగాలేదని చెప్పలేదా?"

బెంచీ మీద మార్కెట్ మనుషులు ఇద్దరున్నారు. మా ఆయనను చూసి అప్పుడే లేచి నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు, వాళ్ళందరికీ వినపడేట్టు.

"మా పాపకు ఆటిజం మేడం. పొద్దన్నుంచీ చెప్తానే ఉండాది. నేనే, చొక్కా ఏసుకోని వాకిట్లోకి పోయినాను."