ఇడ్లీ సాక్ష్యం చెప్పదు

ఐరాలలో నాది చిన్న క్లినిక్. ఈ రోజు ఒక పెద్దామె కాలి పుండుతో వచ్చింది. కంప్యూటర్లో ఆమె రికార్డు చూసి, "పెన్సిలిన్ సూది వేస్తామమ్మా" అన్నాను.

"అది నాకు పడదు సామీ. పోయినేడు ఏస్తే మొగమంతా వాసిపోయింది. పొద్దున్నే ఆ నర్సు పాపకు చెప్పినాను కదా!"

తెర మీద మాత్రం 'పడని మందులు: లేవు' అని ఉంది. పక్కన, నమోదు చేసినవారిగా నా పేరు, సమయం ఉదయం 9.10. ఆ సమయానికి నేను ఇంట్లో ఇడ్లీ తింటున్నాను.

సిస్టర్‌ని పిలిచి అడిగాను.

"ఆ గడి నింపకుంటే తర్వాతి పేజీ రాదు సార్. జనం ఎక్కువుండారని 'లేవు' నొక్కేసినాను, మళ్లా మారుద్దామని. అందరం మీ పాస్‌వర్డ్‌తోనే కదా చేసేది!"

ఆ పెద్దామెకేమైనా అయ్యుంటే, కోర్టులో ఆ ఇడ్లీ వచ్చి నా తరఫున సాక్ష్యం చెప్పదు. రికార్డు సరిదిద్దాను. వెంటనే పాస్‌వర్డ్ మార్చేసి, ఇక ఎవరి లాగిన్ వారిదేనని గట్టిగా చెప్పాను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, సిస్టర్ ఫోను. "కొత్త పాస్‌వర్డ్ ఏంది సార్? ఈడ పదిమంది కాసుకోనుండారు."

చెప్పేశాను.

ఇది చదివి నవ్వే డాక్టర్లకు ఒక్కటే ప్రశ్న. మీ పాస్‌వర్డ్ చీటీ మానిటర్ మీద అతికించి ఉందా, గోడ మీదా?